ఓడల ఊళ్లో కాలినడక

కంది చౌరస్తాలో నిలబడితే కనిపించేవన్నీ లారీలే. ముంబయి హైవే మీద రాత్రనక పగలనక పటాన్‌చెరు వైపు కొన్ని, జహీరాబాద్ వైపు కొన్ని పరుగులు తీస్తుంటాయి. వాటిలోని సరకు కొంత ఎక్కడో ఒకచోట ఓడ ఎక్కుతుంది. ఆ ఓడను మాత్రం ఇక్కడి పిల్లలు పుస్తకంలో బొమ్మగానే చూస్తారు. సంగారెడ్డి జిల్లాకు మంజీర ఉంది, సింగూరు ఉంది. పటాన్‌చెరుకైతే పేరులోనే చెరువుంది. లేనిదల్లా సముద్రమే! అందుకే దసరా సెలవులో, సంక్రాంతి సెలవులో దగ్గరపడగానే ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఒకటే మాట... ‘వైజాగ్ పోదామా?’

వెళ్లినవాళ్లు చాలామంది స్టేషన్ దగ్గరే కారు మాట్లాడుకుంటారు. సింహాచలం, కైలాసగిరి, రుషికొండ, భీమిలి... ఒక్కరోజులో అన్నీ చుట్టేసి రాత్రికి రైలెక్కేస్తారు. ఫొటోలకు కొదవుండదు. కానీ విశాఖ కారు అద్దంలోంచి కంటే కాలినడకన చూస్తేనే బాగా అర్థమయ్యే ఊరు. ఒక పక్క రేవు, ఇంకో పక్క ఇసుక తీరం, మధ్యలో కొండలు, వాటి కింద పాత పట్నం. అన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. పాత పట్నం నుంచి ఆర్కే బీచ్‌ దాకా నడిచినా మొత్తం పది కిలోమీటర్ల లోపే. ఆగుతూ, తింటూ, కూర్చుంటూ వెళ్తే పిల్లలకీ పెద్దలకీ కూడా అదేమంత కష్టం కాదు. అలా నడిస్తేనే ఆ ఊరి రేవుకీ బీచ్‌కీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది. ఆ చుట్టరికంలో ఉన్న పేచీ కూడా!

మన నీళ్లు ముందే వెళ్లాయి

కంది వాళ్లకు దగ్గరి దారి లింగంపల్లి స్టేషన్. అక్కడ పొద్దున్నే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి విశాఖ చేరుస్తుంది. పగటి ప్రయాణం విసుగు అనుకుంటారు కానీ పిల్లలు వెంట ఉంటే అదే మేలు. గుంటూరు దాటాక విజయవాడ దగ్గర కృష్ణ, ఆ తర్వాత రాజమండ్రి దగ్గర గోదావరి... రెండు పెద్ద నదుల్నీ కిటికీలోంచి వెలుగులో చూడొచ్చు.

రాజమండ్రి వంతెన మీద పిల్లలకు చెప్పదగ్గ ముచ్చట ఒకటుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్క నుంచి పారే నక్కవాగు వెళ్లి మంజీరలో కలుస్తుంది. మంజీర నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే రాజమండ్రి మీదుగా బంగాళాఖాతంలోకి పోతుంది. అంటే... కంది పిల్లాడు సముద్రం చూడ్డానికి ఇప్పుడు వెళ్తున్నాడు కానీ, వాళ్ల జిల్లాలో కురిసిన వాన ఎన్నడో వెళ్లింది!

ఇంకో బంధం కూడా ఉంది. ఈ తీరం ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోదే. తర్వాత నిజాం చేతికి, ఆయన నుంచి ఫ్రెంచివాళ్లకీ ఆపైన ఇంగ్లిషువాళ్లకీ వెళ్లింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక విశాఖ పక్క రాష్ట్రపు ఊరైంది. రైళ్లు మాత్రం ఎప్పటిలాగే కిటకిటలాడుతూ నడుస్తున్నాయి.

మూడు కొండలు, మూడు మొక్కులు

రాత్రి బస చేసి తెల్లవారుజామునే నడక మొదలుపెట్టడానికి సరైన చోటు పాత పట్నంలోని రాస్ కొండ. ఊరివాళ్లు ‘వన్ టౌన్’ అంటారు. స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. 1864లో రాస్ అనే ఆయన ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లే తర్వాత మేరీమాత ప్రార్థనాలయమైంది. పక్క కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఇంకో కొండ మీద ఇషాక్ మదీనా దర్గా. మూడు మతాల వాళ్లూ మూడు కొండల మీద నుంచి ఒకే సముద్రాన్ని చూస్తూ మొక్కుకుంటారు. వేటకు వెళ్లేవాళ్లూ ఓడల్లో పనిచేసేవాళ్లూ ఒక్క కొండకే దండం పెట్టి ఊరుకోరు. నీళ్ల మీద బతికేవాళ్లకు అందరు దేవుళ్లూ కావాలి మరి.

మెట్లెక్కి పైకి చేరగానే పిల్లల నోట మాట రాదు. కిందే రేవు. ఎదురుగా సముద్రంలోకి ముక్కు చాచినట్టుండే పెద్ద కొండ. డాల్ఫిన్స్ నోస్ అంటే అదే. ఆ కొండకూ ఈ కొండలకూ మధ్య సన్నటి నీటికాలువ. అపార్ట్‌మెంటంత ఎత్తున్న ఓడ ఆ కాలువలోంచి ఊళ్లోకి వస్తుంటే చూడాలి! అది తనంతట తానుగా రాదు. సముద్రంలో ఉండగానే పోర్టు పైలట్ పడవలో వెళ్లి ఓడెక్కుతాడు. అక్కడి నుంచి దారి చెప్పేది ఆయనే. చిన్న చిన్న టగ్‌లు ఓడను అటో చెయ్యీ ఇటో చెయ్యీ పట్టినట్టు నెమ్మదిగా లోపలికి తెస్తాయి.

‘నాయినా, గంత పెద్దది గింత సందులకెట్ల వచ్చింది?’

కందిలోనో ఇస్నాపూర్‌లోనో పెరిగిన పిల్లలు ఇక్కడ అడిగే మొదటి ప్రశ్న ఇలాగే ఉంటుంది. జవాబు తెలియాలంటే తొంభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

చిత్తడి నేల రేవైంది

ఇప్పుడు ఓడలు ఆగుతున్న చోట అప్పట్లో ఉన్నది ఉప్పుటేరు, దాని చుట్టూ చిత్తడి నేల. పోటుకు నీళ్లొచ్చేవి, పాటుకు బురద తేలేది. ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తే సరకును పడవల్లో ఒడ్డుకు చేర్చేవాళ్లు. మధ్య భారతంలో తవ్విన మాంగనీసు ఖనిజాన్ని బయటి దేశాలకు పంపడానికి దగ్గరి రేవు కావాల్సి వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ అడ్డంగా ఉండటంతో ఈ మడుగు తుపాన్లకు చాటుగా ఉంటుందని ఇంజినీర్లు గుర్తించారు. బురద తవ్వి, కాలువ తీసి, లోపల ఓడలు తిరిగేంత చోటు చేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ ఈ కాలువలోంచి లోపలికొచ్చిన మొదటి ఓడ. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

ఆ రేవు పక్కనే 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఓడలు కట్టే కర్మాగారానికి పునాది వేయించారు. శంకుస్థాపన చేసింది బాబూ రాజేంద్రప్రసాద్. స్వాతంత్య్రం వచ్చాక 1948 మార్చిలో అక్కడ తయారైన ‘జలఉష’ను నెహ్రూ నీళ్లలోకి దించారు. ఆ కర్మాగారమే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1976లో సముద్రం వైపున ఇంకా పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బర్ వచ్చింది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడమే అప్పుడు దాని ముఖ్యమైన పని.

కొండ మీద నుంచి చూసేటప్పుడు పిల్లలకు ఒకటి చూపించాలి. ఔటర్ హార్బర్ దగ్గర సముద్రంలోకి పొడుగ్గా చొచ్చుకుపోయిన రాతిగోడలు. అలల్ని ఆపడానికి కట్టినవి. లోపల నీళ్లు చెరువులా నిశ్చలంగా ఉండేది వాటివల్లే. వాటిని గుర్తుపెట్టుకోమనాలి. సాయంత్రం బీచ్‌లో మళ్లీ వాటితో పనుంది.

సరంగు రాక, చేపల కేక

కొండ దిగితే పాత పట్నం ఇరుకు వీధులు. బొబ్బిలి రాజావారి విరాళంతో కట్టిన వందేళ్లు దాటిన టౌన్‌హాలు, కురుపాం మార్కెట్ కమాను, విక్టోరియా రాణి విగ్రహం... ఒకప్పుడు ఊరంటే ఇదే. టిఫిన్‌కు ఆగడానికీ ఇదే మంచి చోటు. వేడి పెసరట్టు, అల్లం చట్నీ పడితే కాళ్లకు కొత్త బలమొస్తుంది.

అక్కడి నుంచి తూర్పుగా నడిస్తే ఫిషింగ్ హార్బర్. కంటికంటే ముందు ముక్కుకే తెలిసిపోతుంది! పెద్దవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నా పిల్లలు మాత్రం కళ్లింతలు చేసుకుని చూస్తారు. రంగురంగుల మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. బోటు నడిపే పెద్దను సరంగు అంటారు. ఆయన వెంట కలాసీలు. ఐసు, డీజిలు, బియ్యం, మంచినీళ్లు నింపుకుని వెళ్తే రోజుల తరబడి సముద్రం మీదే.

తిరిగొచ్చిన బోటు నుంచి తట్టల్లో చేపలు దిగుతాయి. వంజరం, చందువ, సొర, కవళ్లు, పీతలు, రొయ్యలు... కుప్పలు పోయగానే వేలం మొదలు. పాడేవాళ్ల వేగం చూస్తే సంగారెడ్డి సంతలో బేరం చేసి ఆరితేరినవాళ్లు కూడా బిత్తరపోవాల్సిందే. కొనేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. తట్ట నింపుకుని, నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి బయల్దేరతారు. కాసేపు చూస్తూ నిలబడితే చాలు, వాళ్లే పలకరిస్తారు... ‘ఏటమ్మా, ఏ ఊరు మీది? సేప కావాలా?’ హైదరాబాద్ అవతల నుంచి అని చెబితే ‘అంత దూరమా! సూడండి, సూడండి’ అని పిల్లలకు పీతను పట్టుకుని చూపిస్తారు.

బయటివాళ్లకు అది వినోదమే కానీ వాళ్లకు బతుకు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలమని ఈ నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే వేలం పాటలుండవు. వలలు బాగుచేసుకునేవాళ్లూ బోట్లకు రంగులేసుకునేవాళ్లూ కనిపిస్తారు. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఒక బోటు కాలిందంటే ఒక సరంగు ఇల్లొక్కటే కాదు, దాని మీద వెళ్లే కలాసీలందరి ఇళ్లలో పొయ్యి ఆరినట్టే. షెడ్డులో ప్రమాదం జరిగితే ఎన్ని ఇళ్లు చీకటవుతాయో ఎరిగిన పారిశ్రామికవాడ కుటుంబాలకు ఈ సంగతి వేరే వివరించి చెప్పక్కర్లేదు.

బాంబు, ఖనిజం, చదువు

హార్బర్ దాటి పైకొస్తే కోస్టల్ బ్యాటరీ. నేవీ వాళ్ల చోటు కనుక కెమెరాలు లోపల పెట్టుకోవడం మంచిది. ఇక్కడి నుంచి బీచ్ రోడ్డు మొదలవుతుంది. కుడిపక్క సముద్రం, ఎడమపక్క ఎత్తు మీద పాత బంగళాలు. ఆ వెనకే 1923లో మొదలైన కింగ్ జార్జి ఆస్పత్రి. ఉత్తరాంధ్ర వాళ్లకు కేజీహెచ్ అంటే హైదరాబాద్ వాళ్లకు ఉస్మానియా లాంటిది.

ఎండ ముదిరేవేళకు విశాఖ మ్యూజియంలోకి వెళ్లిపోవచ్చు. డచ్చివాళ్ల కాలపు బంగళాలో 1991లో తెరిచారు. అందులో పేలని బాంబు ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తింది. ఇప్పటికీ పాతకాలం ఇళ్లలో ఆ కథలు చెప్పుకుంటారు.

బాంబులు వేసిన ఆ జపానుకే తర్వాతి కాలంలో ఇదే ఊరి నుంచి ఇనుప ఖనిజం ఓడల్లో వెళ్లింది. కంది వాళ్లు ఇక్కడ ఇంకో ముచ్చట కూడా కలుపుకోవచ్చు. వాళ్ల ఊళ్లోని ఐఐటీ భవనాల్లో కొన్ని కట్టింది జపాన్ ఆర్థిక సాయంతోనే. బాంబు, ఖనిజం, చదువు... ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయని ఊరికే అన్నారా!

ఇసుక మీద జలాంతర్గామి

మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చాక ‘కురుసుర’ దగ్గరికి. దేశంలో సామాన్యులు లోపలికి వెళ్లి చూడగలిగే జలాంతర్గామి ఇది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. ముక్కలు చేసి అమ్మేయకుండా ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో మ్యూజియంగా మార్చారు. పొడవు 91 మీటర్లు. ఇంత పొడుగుందే అని లోపలికెళ్తే ఇరుకే ఇరుకు! గుండ్రటి రంధ్రాల్లాంటి తలుపుల్లోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. ఇందులోనే డెబ్బై అయిదు మంది దాకా ఉండేవాళ్లు. ఒకరి పక్క మీద ఒకరు వంతులవారీగా పడుకునేవాళ్లు. ముందూ వెనకా కలిపి 22 టార్పెడోలు. స్నానానికి మంచినీళ్లు దొరకడమే గగనం. నేవీలో చేసి రిటైరైన వాళ్లే గైడ్లుగా ఉండి ఇవన్నీ చెబుతారు. ఓపిగ్గా అడిగితే ఇంకా చెబుతారు.

ఎదురుగానే టీయూ-142 విమానం. సముద్రం మీద గంటల తరబడి ఎగురుతూ జలాంతర్గాముల జాడ తీసే విమానమిది. 29 ఏళ్ల సేవ తర్వాత 2017లో విరమిస్తే అదే ఏడాది డిసెంబరులో దీన్ని మ్యూజియంగా ప్రారంభించారు. దాక్కునేది రోడ్డుకు ఒక పక్క, దాన్ని వెతికేది ఇంకో పక్క. పిల్లలకు దాగుడుమూతలు ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు! దగ్గర్లోనే 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం. ఆ ఏడాది డిసెంబరు 3 అర్ధరాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. అందులోని వాళ్లెవరూ బతకలేదు. కురుసుర లోపలి ఇరుకు చూసొచ్చాక ఆ మాట విన్నవాళ్లు ఒక్క నిమిషం మౌనంగా ఉండిపోతారు.

ఇసుక ఎక్కడికి పోతోంది?

ఎండ తగ్గింది. ఇక ఆర్కే బీచ్. పక్కనే ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఆ పేరొచ్చింది. ఇసుకలో కాలు పెట్టగానే చెప్పులు చేతిలోకి, పిల్లలు నీళ్లలోకి. అరవై ఏళ్లొచ్చాక మొదటిసారి సముద్రం చూసే నాయనమ్మలు కూడా ఉంటారు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అల వచ్చి పాదాలు కడిగి వెళ్తుంటే, ‘గంగమ్మా’ అని దోసిలి పట్టి నెత్తిన చల్లుకుంటారు.

కాసేపయ్యాక పిల్లలతో ఒక పని చేయించాలి. అల ఎటు నుంచి వచ్చి ఎటు వెళ్తోందో చూడమనాలి. సూటిగా రాదు, కాస్త ఏటవాలుగా వచ్చి తాకుతుంది. వెళ్తూ వెళ్తూ గుప్పెడు ఇసుకను పక్కకు జరుపుతుంది. తూర్పు తీరంలో నైరుతి గాలులు వీచే నెలల్లో ఈ ఇసుక ఉత్తరం వైపు కదులుతుంది. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. అంటే బీచ్‌లోని ఇసుక మన ఇంటి ముందు పోసిన కుప్పలాంటిది కాదు, వాగులాంటిది. దక్షిణం నుంచి వస్తూ ఉండాలి, ఉత్తరానికి పోతూ ఉండాలి. వచ్చింది పోయింది సమానమైతేనే బీచ్ నిలుస్తుంది.

ఇప్పుడు పొద్దున కొండ మీద నుంచి చూసిన రాతిగోడలు గుర్తుచేసుకోమనాలి. అవి ఉన్నది ఈ బీచ్‌కు దక్షిణంగా. దక్షిణం నుంచి వచ్చే ఇసుకను అవి ఆపేస్తాయి. ఆపకపోతే ఇసుక వెళ్లి ఓడల దారిలో పూడిక పడుతుంది. ఆపితే ఇటు బీచ్‌కు రావాల్సింది రాదు. పోవాల్సింది మాత్రం పోతూనే ఉంటుంది. ఫలితం... తీరం కోసుకుపోవడం. తుపాను వస్తే ఇక చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటినప్పుడు బీచ్ రోడ్డు ఎలా అయిందో చూసినవాళ్లు మర్చిపోరు. రోడ్డు అంచున గోడలూ బండరాళ్లూ కనిపించేది సముద్రం మరీ ముందుకు రాకుండా ఉండేందుకే.

అందుకని పోర్టు వాళ్లు ఒక అప్పు తీరుస్తుంటారు. గోడల దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వితీసి తెచ్చి, ఈ తీరానికి పోస్తారు. 1933 నాటి ఇంజినీర్లకు కూడా ఈ బెడద తెలుసు. అప్పట్లో రెండు పాత ఓడల్నే ముంచి ఇసుకకు అడ్డం పెట్టారు. అడ్డం పెట్టిన చోట చేరిన ఇసుకను తోడడం నాటి నుంచీ ఉన్న పనే. అంటే ఆర్కే బీచ్‌లో పిల్లలు గూళ్లు కట్టుకునే ఇసుకలో కొంత, అల తెచ్చింది కాదు. మనిషి మోసుకొచ్చింది. ఒక ఏడాది ఆ పని ఆలస్యమైతే, మరుసటి ఏడాది గూళ్లు కట్టుకునే చోటు కొంచెం తగ్గుతుంది.

రేవు లేకపోతే ఇంత ఊరు లేదు. షిప్‌యార్డు లేదు, ఉద్యోగాలు లేవు. బహుశా ఈ బీచ్ చూడ్డానికి ఇంతమందీ వచ్చేవాళ్లు కాదు. కానీ ఆ రేవు తీసుకున్నది ఏటా తిరిగి ఇవ్వాల్సిందే. పటాన్‌చెరు, కంది వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ఫ్యాక్టరీలొచ్చి వేలమందికి అన్నం పెట్టాయి, నక్కవాగు నీళ్లు పాడయ్యాయి. ఆ కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాగుకు తిరిగి ఇవ్వాల్సింది ఎంతిచ్చారన్న ప్రశ్న ఆ ఊళ్లలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఇసుకైనా నీళ్లైనా... తీసుకున్నవాళ్లు తిరిగివ్వడం మానేస్తే ముందుగా నష్టపోయేది ఒడ్డున ఉన్నవాళ్లే. బడిలో పర్యావరణం పాఠం ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది, ఆ ఇసుకలో అరగంట కూర్చుంటే పిల్లలకు ఎక్కుతుంది.

నీళ్లలో దిగేముందు...

చెరువులో ఈత నేర్చినవాళ్లు సముద్రంలోనూ ఈదొచ్చు అనుకోవడం ప్రాణాంతకం. ఆర్కే బీచ్ దగ్గర అడుగున నేల ఒక్కసారిగా లోతవుతుంది. ఒడ్డుకు వచ్చిన నీళ్లు ఒక్కోచోట సన్నటి పాయలా వేగంగా వెనక్కి లాక్కుపోతాయి. పైకి చూస్తే అక్కడ అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. మోసం అక్కడే! సముద్రం లేని ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు తరచూ వస్తుంటాయి. పిల్లలకు పాదాలు తడిసేంత వరకే నీళ్లు. పెద్దలకు మోకాళ్ల దాకా. గజ ఈతగాళ్లు ఈల వేస్తే వెంటనే వెనక్కి రావాలి. ఒకవేళ లాగేస్తే ఒడ్డుకు ఎదురీదకూడదు. తీరం వెంట పక్కకు ఈది, ఆ పాయలోంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకు రావాలి.

చీకటి పడుతుండగా కాళీమాత గుడిలో గంటలు, రోడ్డు పొడుగునా బండ్లు. నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ ముక్కలు దట్టించి ఇచ్చే మురీ మిక్చర్ పొట్లం కట్టించుకుని గట్టు మీద కూర్చుంటే గాలికి ఆ రోజు నడకంతా మరిచిపోతారు. దూరంగా సముద్రం మీద వరసగా దీపాలు. పిల్లలు అవి ఇంకో ఊరి దీపాలనుకుంటారు. కాదు, రేవులో చోటు కోసం తమ వంతు వచ్చేదాకా లంగరు వేసుకుని ఎదురుచూస్తున్న ఓడలవి. వాటిలోని సరకు రేపోమాపో ఒడ్డుకు దిగుతుంది. కొంత లారీ ఎక్కుతుంది. అందులో ఏదో ఒకటి కంది చౌరస్తా మీదుగా వెళ్లినా వెళ్లొచ్చు.

ఇలా వెళ్లొచ్చు

లింగంపల్లి నుంచి జన్మభూమి ఎక్స్‌ప్రెస్ పగటి రైలు. రాత్రి ప్రయాణం కావాలంటే 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. తొందరగా చేరాలంటే సికింద్రాబాద్ నుంచి 2023లో మొదలైన వందేభారత్. దూరం దాదాపు 700 కిలోమీటర్లు. పండగలకు రిజర్వేషన్ ముందే చేయించుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం. కురుసుర మ్యూజియానికి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో వేళలు ముందే కనుక్కుంటే మంచిది. డిసెంబరు 4న నేవీ డే. ఆ రోజుల్లో వెళ్తే తీరంలో నేవీ విన్యాసాలు చూసే అవకాశం ఉంటుంది కానీ జనం విపరీతం. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొన్ని గంటలు వాహనాల్ని రానివ్వరు. మర్నాడు కూడా ఉండేట్టయితే ఆ వేళ పిల్లల్ని నడిపించుకుని వెళ్లండి. రోడ్డంతా వాళ్లదే.

టోపీ, నీళ్ల సీసా, తడిసినా ఫర్వాలేని చెప్పులు మర్చిపోవద్దు. తిరుగు ప్రయాణంలో మాడుగుల హల్వా ఒక డబ్బా ఎలాగూ కొంటారు. అది కాక పిల్లల జేబుల్లో గవ్వలూ కాస్త ఇసుకా తప్పకుండా ఉంటాయి. గవ్వలు ఉంచుకోనిచ్చి, ఇసుక మాత్రం అక్కడే దులిపించండి!